అప్రమత్తతయు కైంకర్యమే

‘ప్రమాదము’ అను మాటకు నేడు వాడుకలో మనము చెప్పుకొను అర్థము ఒకటి. పాఠశాలలో గురువుగారి యెదుట కూర్చుండి మేము నేర్చిన అర్థము మరియొకటి. బస్సు బోల్తాపడినచో ప్రమాదమందుము. వంటింట నిప్పంటుకొన్నచో ప్రమాదమందుము. అనగా జరిగిన కీడునకే ఆ పేరు. సంస్కృతమున నట్లు కాదు. అచట ప్రమాదమనగా ఏమరుపాటు. చేయవలసిన పనియందు మనస్సు నిలుపకుండుట. భారతము ఉద్యోగపర్వమున సనత్సుజాతులవారు ధృతరాష్ట్రునకు బోధించుచు ఏమరుపాటునే మృత్యువుగా నిరూపించినారు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి యింటికి పోవు శిష్యుని ఆచార్యుడు సత్యధర్మముల విషయమునందే కాక కుశలము విషయమునందును ఏమరవలదని హెచ్చరించుచున్నాడు. కారణము పేరునే ఫలమునకు పెట్టిన మన తెలుగు వాడుకలో గొప్ప వివేకమున్నదని నాకు తోచుచున్నది. ఈ సంగతిని నేను ఏండ్ల తరబడి శిష్యులకు పాఠము చెప్పితిని. కాని అది నాకు నిజముగా బోధపడినది ఒక పాత పికప్ వ్యాను క్రింద జారిన నూనెబొట్టువలన.

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములు హైదరాబాదు నగరమునకు నడిబొడ్డు వంటివి. 1907లో నిర్మింపబడిన నాంపల్లి రైలుస్టేషను ఒక వైపు, ఆబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయము మరియొక వైపు; నడుమ స్టేషను రోడ్డు. రాత్రి బండి దిగి తెల్లవారుటకై వేచియుండు ప్రయాణికులు, కాలిబాటపై నిద్రించు కూలివారు, ఆసుపత్రులకు వచ్చి బస దొరకని పల్లెవారు ఆ ప్రాంతమున ఏనాడును ఉందురు. అచటి కొన్ని వైష్ణవ కుటుంబములవారు కలిసి ధనుర్మాసమున తెల్లవారుజామున తిరుప్పావై సేవించి, పెరుమాళ్లకు ఆరగింపు చేసిన కట్టెపొంగలి, దద్ధ్యోదనము ఈ జనులకు పంచిపెట్టుట నియమముగా పెట్టుకొన్నారు. గుండిగలు మోయుటకు వారిలో ఒక గృహస్థుని పికప్ వ్యాను ఉన్నది. అది వచ్చి ఇరువదియేండ్లు దాటినది. వెనుకతొట్టిలో రంగు పోయినను, నుదుట తిరునామము మాత్రము ఏటేట క్రొత్తగా వెలుగుచుండును.

2024 డిసెంబరు 16న ధనుర్మాసము ప్రవేశించినది. పది దినములు గడచిన పిమ్మట ఆ యింటి యిల్లాలు నాతో ఒక మాట చెప్పినది. వ్యాను కదలిన తరువాత ఆమె వాకిలి చల్లి ముగ్గు పెట్టును. “బాబాయిగారూ, మొన్న రూపాయిబిళ్లంత మరక కనబడింది. ఇవాళ అరచేయంత అయింది. ఇంజను నూనె అయితే నల్లగా ఉంటుంది. ఇది తేనెరంగులో ఉంది, అగ్గిపుల్ల వాసన వస్తోంది. ఎంత కడిగినా పోవడం లేదు. ముగ్గు దానిమీదే పెట్టవలసి వస్తోంది” అని ఆమె వాపోయినది. డ్రైవరు నడిగితిని. “గేరుబాక్సు ఆయిలు స్వామీ. కారుతున్నదని నాకు తెలుసు. అప్పుడప్పుడు కొంచెం పోస్తున్నా. బండి నడుస్తది” అని అతడనెను.

గృహస్థుడు నవ్వి, “అది మన బండి కాదు స్వామీ, పెరుమాళ్ల బండి. అర్జునుడి రథం కాలిపోయి కూడా స్వామి దిగేదాకా నిలబడలేదా? నెలంతా ఆయనే నడిపిస్తాడు” అనెను. ఆ మాటకు నేనేమి చెప్పవలసినది? పెద్దవాడను, శాస్త్రము చదివినవాడను. వంగి వ్యాను క్రింద చూడుమని చెప్పవలసినది. చెప్పలేదు. పైగా, “వైకుంఠ ఏకాదశి దాటనిండు, తరువాత చూపింతము” అంటిని. ఒక దినము సేవ ఆగునను బెంగ నాకును ఉండెను. అంతకన్న లోతుగా చూచినచో, నలుగురి సంతోషమునకు అడ్డుపడి చెడ్డవాడను కాజాలకుంటిని.

వైకుంఠ ఏకాదశి 2025 జనవరి 10న వచ్చినది. అవి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున నుమాయిష్ జరుగు దినములు కూడ. ఆ దారులలో రద్దీ చెప్పనలవి కాదు. ఉత్తరద్వార దర్శనము చేసికొని, తపాలా కార్యాలయము సమీపమున వ్యాను నిలిపి అరగంటసేపు ప్రసాదము పంచితిమి. పంపకము ముగిసి వ్యాను పది బారలు ముందునకు జరిగినది. అది నిలిచిన చోటికే ఒక కుర్రవాడు స్కూటరుపై పాలసంచులతో వచ్చి, మలుపు తిరుగబోయి, జారి పడెను. వెనుక వచ్చు బస్సు దూరమున నుండుట వారి తల్లిదండ్రుల పుణ్యము. మోకాలు గీరుకొనిపోయినది, పాలపొట్లములు పగిలినవి. మేము పరుగెత్తి లేవనెత్తితిమి. గాయము కడిగితిమి. దొప్పలో ప్రసాదము పెట్టితిమి. అతడు రెండు చేతులతో అందుకొని, కనుల కద్దుకొని, “మీరు దేవుళ్లు సార్” అని నమస్కరించి పోయెను.

ఆ నమస్కారము నన్ను నేటికిని కాల్చుచున్నది. అచట నేలపై తేమ ఉండెను. అది మంచు కావచ్చును; మేము గరిటెలు కడిగిన నీరు కావచ్చును; వేరొక బండి నూనె కావచ్చును; మా వ్యాను నూనె కావచ్చును. నాకు తెలియదు. తెలిసికొను మార్గమును లేదు. కాని నా మనస్సునకు ఆ క్షణమున తోచిన సందేహమును ఆ కుర్రవానికి చెప్పవలసినది. పాలఖరీదైనను ఇచ్చి పంపవలసినది. చెప్పక ప్రసాదము పెట్టి పంపితిని. తరువాత రెండు మూడు దినములు అదే వేళకు అచట నిలిచి చూచితిని. అతడు మరల కనబడలేదు.

ఆ సాయంకాలమే వ్యానును నాంపల్లి స్టేషను సమీపమున ఒక సందులోని మెకానిక్ షెడ్డునకు తీసికొనిపోయితిమి. అందలి ఉస్తాదు నెరసిన గడ్డముగల ముసలిముస్లిము. అతడు వెంటనే విప్పుటకు పూనుకొనలేదు. గేరుబాక్సు అడుగుభాగము కిరసనాయిలుతో శుభ్రముగా తుడిపించి, క్రింద తెల్లకాగితము పరచి, వ్యానును కొంతసేపు నడిపి తెచ్చి నిలిపి, గంటసేపు ఊరకుండెను. “పంతులుగారూ, నూనె ఎక్కడ కారుతుందో అక్కడే పడదు. బండి పోతుంటే గాలికి వెనక్కి కొట్టుకపోతది. పడ్డచోటు చూసి పని చేస్తే తప్పు సామాను మారుస్తం” అని అతడు చెప్పినపుడు, ఇది తర్కశాస్త్రములోని హేతువిచారమే కదా అని ఆశ్చర్యపడితిని. దోషము కనబడు స్థానము వేరు, పుట్టు స్థానము వేరు.

అతడు చూపినది ఇది. గేరుబాక్సులో పళ్లచక్రములు చిక్కని నూనెలో మునిగి తిరుగుచుండును. అచటినుండి వెనుకచక్రములకు బలము కొనిపోవు ఇరుసు వెలికి వచ్చుచోట ఆయిల్ సీలు అను వలయముండును. ఇనుపకట్టులో బిగించిన రబ్బరు పెదవి అది. సన్నని స్ప్రింగు సాయముతో తిరుగుచున్న ఇరుసును అంటిపెట్టుకొని నూనెను ఆపును. ఏండ్ల వేడికి రబ్బరు బిరుసెక్కి పెదవి పగిలినది. అంతటితో ముగియలేదు. గేరుబాక్సు పైభాగమున బ్రీదరు అను చిన్న గాలిరంధ్రముండును. బండి నడచి లోపల వేడెక్కినపుడు వ్యాకోచించిన గాలి ఆ దారిన వెలికి పోవలెను. అది మట్టితో పూడుకొనిపోయినది. పోవుదారి లేని గాలి నూనెను సీలు మీదికి త్రోయుచున్నది. “ఇది సాఫు చెయ్యకుండ కొత్త సీలు వేస్తే మళ్లా కారుతది. మీరు నన్ను తిడతరు” అని అతడు నవ్వెను.

“కారినంత పోస్తూనే ఉన్నాము కదా, నష్టమేమి?” అని డ్రైవరు అడిగెను. దానికి ఉస్తాదు చెప్పిన సమాధానము నాకు మరపురానిది. “ఇంజనుల నూనె తగ్గితే ముందర ఎర్రదీపం వెలుగుతది. దీనికి దీపం లేదు. పక్కన బిరడా విప్పి, రంధ్రం అంచుదాక నూనె ఉన్నదా అని వేలు పెట్టి చూసుకోవాలె. మనం చూడకుంటే అది చెప్పదు. చప్పుడు మొదలైనప్పుడు చెప్పినట్టే; కాని అప్పటికి లోపల పళ్లు, బేరింగులు అరిగిపోయి ఉంటయి.” రబ్బరును ఉబ్బించి కారుట నాపునట్టి మందులు అంగడిలో దొరకునట, పగిలిన పెదవికి అవి నాలుగు దినముల మాటయే, అమ్మివేయదలచినవారు పోయుదురని అతడు చెప్పెను. ప్రొపెల్లర్ షాఫ్టు దించి, సీలు మార్చి, బ్రీదరు శుభ్రపరచి, నూనె నింపుటకు ఒక్క దినము పట్టినది. సీలు నా బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఇముడునంతటి వస్తువు. దానిని మార్చుటకై మేము నెల వాయిదా వేసికొంటిమి.

దీపము లేని దోషమను ఆ మాటను తలచుకొనుచు ఇల్లు చేరితిని. మనుస్మృతి ద్వితీయాధ్యాయమున ఇంద్రియనిగ్రహము చెప్పుచోట నీటితిత్తి దృష్టాంతమున్నది. తోలుతిత్తికి ఒక్కచోట చిల్లిపడినను నీరంతయు పోవునట్లు, ఒక్క యింద్రియము జారినను ప్రజ్ఞ యంతయు జారునని భావము. మహాభారతమున విదురుడును ఇదే దృష్టాంతమును చెప్పెను. తిత్తి మోయువానికి బరువు తగ్గుట సుఖముగా నుండునే కాని కష్టముగా నుండదు. మా వ్యాను విషయమునను అంతే. కారుచున్న దినములలో అది ఎన్నడును ఆగలేదు, మమ్ము కష్టపెట్టలేదు. అందువలననే మేము నిశ్చింతగా నుంటిమి.

ఇక గృహస్థుడు వేసిన ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. శరణాగతుడైనవాడు భారమంతయు స్వామిపై నుంచినవాడు. అట్టివాడు సీలు, బ్రీదరు అని చింతించుట విశ్వాసలోపము కాదా? అర్జునుని రథము మాట సత్యమే. శల్యపర్వమున, యుద్ధము ముగిసిన పిదప, శ్రీకృష్ణుడు అర్జునుని ముందుగా దిగుమని, తరువాత తాను దిగెను; దిగినంతనే రథము భస్మమయ్యెను. ద్రోణకర్ణుల అస్త్రములచే అది మునుపే దగ్ధమైనదనియు, తాను అధిష్ఠించియుండుటచే నిలిచినదనియు స్వామియే సెలవిచ్చెను. ఇది విన్న భక్తునకు, స్వామి యున్న రథమునకు రక్షణ యెందుకను భావము కలుగుట సహజము.

కాని అదే సారథి అదే రథమును ఎట్లు నడిపెనో ద్రోణపర్వము చెప్పుచున్నది. పదునాల్గవనాటి యుద్ధము. సూర్యాస్తమయమునకు లోపల సైంధవుని చంపెదనని అర్జునుని ప్రతిజ్ఞ, తప్పినచో అగ్నిప్రవేశము. ఒక్కొక్క నిమిషము ప్రాణము వెల చేయు దినమది. మధ్యాహ్నము దాటినవేళ, శత్రుసేన నడుమ, గుఱ్ఱములు అలసి బాణములు నాటి యుండుట చూచి శ్రీకృష్ణుడు రథము నిలిపెను. అర్జునుడు నేలపై నిలిచి శత్రువులను ఆపుచు, బాణముతో భూమిని చీల్చి సరస్సు కల్పించెను. జగన్నాథుడు గుఱ్ఱములను విప్పి, తన చేతులతో బాణములు పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, అలసట తీరిన పిమ్మటనే మరల పూన్చెను. ‘నేను రథముపై నున్నాను గదా, గుఱ్ఱములకేమి’ అని ఆయన అనలేదు. సూర్యుడు క్రుంకుచున్నాడని వాయిదా వేయలేదు. రథము కాలకుండ నిలుపుట ఆయన మహిమ. అది మన చేతిలోనిది కాదు. గుఱ్ఱములను కడుగుట ఆయన మనకు చేసి చూపిన పని. మహిమను మనకు వాటముగా ఉదాహరించి, చేసి చూపిన పనిని మరచుటయే నా దోషము, ఆ గృహస్థుని దోషము.

శరణాగతికి పూర్వాచార్యులు ఆరు అంగములు చెప్పినారు: ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, మహావిశ్వాసము, గోప్తృత్వ వరణము, ఆత్మనిక్షేపము, కార్పణ్యము. మనము తరచుగా మూడవదానిని పట్టుకొని మొదటి రెంటిని విడిచిపెట్టుదుము. చేతనాచేతన ప్రపంచమంతయు స్వామికి శరీరమని శ్రీభగవద్రామానుజుల సిద్ధాంతము. కావున సర్వభూతములకు అనుకూలముగా నుండుట ఆనుకూల్యము. ఏ ప్రాణికిని కీడు చేయకుండుట ప్రాతికూల్యవర్జనము. స్టేషనురోడ్డుపై పాలసంచులతో పోవు కుర్రవాడును ఆ శరీరములోనివాడే. కాలిబాటపై నున్నవానికి దొప్పలో పొంగలి పెట్టి, రోడ్డుపై పోవువాని చక్రము క్రింద నూనె పోసినచో, ఒక చేతితో అర్చించి రెండవచేతితో నొప్పించినట్లగును.

కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూనను తల్లియే కరచుకొనిపోవును. ప్రపత్తి ఈ రెంటిలో దేనివంటిదను విషయమున ఆచార్యులలో అభిప్రాయభేదమున్నది. అది పెద్దల చర్చ. నాకు తెలిసినంతవరకు, పిల్లికూన వలె ఉండవలెనన్నవారెవ్వరును ఆ కూన దారిలో నితరులను గీరవచ్చునని చెప్పియుండలేదు.

మరియొక ప్రశ్న మిగిలియున్నది. ఆ కుర్రవాడు మా నూనెవలననే పడెనని తెలియనపుడు మాకు దోషమున్నదా? తెలియక చేసిన హింసను మన శాస్త్రము లేనిదానిగా త్రోసివేయలేదు. గృహస్థుని యింట పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను ఐదింటిని పంచసూనలని చెప్పి, వానివలన తెలియకయే కలుగు ప్రాణిహింసకు పరిహారముగా నిత్యము పంచమహాయజ్ఞములను విధించినది. చీమ చచ్చినదని ఎవ్వరును సాక్ష్యము చెప్పనవసరము లేదు. పొయ్యి వెలిగించినవాడు దాని బాధ్యతయు వెలిగించినట్లే. నేటి గృహస్థునకు వాహనము ఆరవ సూన యని నేననుకొందును. ఆధునిక శాసనమును ఇట్లే చూచుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షనులో, ఇతరులకు అపాయకరమైన లోపము గల బండిని నడపినవానినే కాక నడపనిచ్చినవానిని కూడ తప్పుపట్టిరి. ఆ లోపము అతనికి తెలిసినదైనను సరే, సామాన్యమైన శ్రద్ధతో తెలిసికొనదగినదైనను సరే. ‘నాకు తెలియదు’ అనుట చాలదు. ‘తెలిసికొనదగియు చూడలేదు’ అనునదే అచట విచారణ. మాకైతే తెలిసియే యుండెను. ముగ్గుపై మరక పదిదినములు చెప్పుచునే యుండెను.

కావున నా సందేహమునకు నేను చెప్పుకొనిన సమాధానమిది. ఆ కుర్రవాని పాటు మా వలననా కాదా అనునది స్వామికే తెలియును. కాని ఆ సందేహము నాకు కలుగుటయే నా ఏమరుపాటునకు ఫలము. మరక చూచిన మరునాడే సీలు మార్పించియున్నచో, నేను నిర్మలమైన మనస్సుతో అతనిని లేవనెత్తియుందును. అతని నమస్కారము నన్ను కాల్చియుండదు.

ఒకప్పుడు నాంపల్లిలో రైలుబండి నిలిచినపుడు, పనివాడు పొడుగాటి సుత్తితో ఒక్కొక్క చక్రమును కొట్టి ధ్వని వినుచు పోవుట చిన్నతనమున చూచితిని. చక్రము బాగున్నచో గంటవలె మ్రోగును. బీటవారినచో బొంగురుగా పలుకును. పెట్టెలలో కూర్చున్నవారికి అతని పేరు తెలియదు. అతనికి వారి పేర్లు తెలియవు. అయినను వారందరి ప్రాణములు కొంతసేపు అతని చెవిలో నుండెడివి. అది పూజ కాదని నేననజాలను.

విజయదశమినాడు మనము వాహనమునకు పసుపుకుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు తొక్కింతుము. మంచి ఆచారము. అప్పుడే ఒక్కమారు వంగి బండి అడుగున చూచినచో ఆ పూజ పూర్ణమగును. యాత్రకు బయలుదేరు భక్తులారా, రాత్రి వాహనము నిలుపుచోట ఒక తెల్లకాగితము పరచుడు. తెల్లవారి దానిపై బొట్టు కనబడినచో, దానిని స్వామి పంపిన హెచ్చరికగా భావించి, ప్రయాణము ఒక దినము ఆగినను ఆపుకొనుడు. ఆ దినము కైంకర్యము తప్పినట్లు కాదు. కైంకర్యము షెడ్డులో జరిగినట్లు.

నేడు ఆ యింటి వాకిట మరక లేదు. రంపపుపొట్టు చల్లి, తుడిచి, సోడాతో కడిగి ఆ యిల్లాలు దానిని పోగొట్టినది. అయినను ప్రతిదినము వ్యాను క్రింద కాగితము పరచుట ఆమె మానలేదు. డ్రైవరు నెలకొకమారు బిరడా విప్పి వ్రేలు పెట్టి చూచుచున్నాడు. వెనుకతొట్టిలో ప్రసాదపు గుండిగల ప్రక్కన ఒక డబ్బాలో రంపపుపొట్టు ఉండును. రోడ్డుపై ఎవరి బండి నూనె కనబడినను దానిపై చల్లిపోవుట వారికి అలవాటైనది. నేను కూడ ఆబిడ్స్ దారిన పోవునపుడెల్ల పాలసంచుల స్కూటర్లను పరికించి చూచుచునే యున్నాను. ఆ కుర్రవాడు కనబడినచో చెప్పవలసిన మాట ఒకటి, ఇవ్వవలసిన పైకము కొంత నావద్ద నిలిచియున్నవి. ఆ ఋణము తీర్చుకొను భాగ్యమును పార్థసారథి నాకు ప్రసాదించుగాక యని ప్రార్థించుచున్నాను.